థర్మాకోల్ బాత్రూం

పిల్లల్ని మాట్లాడనివ్వాలి అనే విషయం మీద నేను విన్నన్ని ఉపన్యాసాలు ఈ జిల్లాలో ఇంకెవరూ విని ఉండరు. సైన్సు టీచర్ని కాబట్టి ఏ కొత్త పద్ధతి వచ్చినా మొదటి ఉత్తరువు నా మీదే పడుతుంది. ఈసారి ప్రాజెక్టు పద్ధతిలో బోధన అన్నారు, శిక్షణ కోదాడలో అన్నారు. సూర్యాపేట బస్టాండులో పొద్దున్నే బస్సెక్కి, కోదాడలో దిగి, ఆటో మాట్లాడుకుని వెళ్తే, ఒక పెద్ద హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. అన్నీ ముందు గోడకేసి చూస్తున్నాయి. ఆ గోడ మీద తెర. ఆ తెర మీద "ఉపాధ్యాయుడు తక్కువ మాట్లాడాలి, విద్యార్థి ఎక్కువ మాట్లాడాలి" అని రాసి ఉంది. దాన్ని మాకు చదివి వినిపించడానికి ఒక సారు, ఆయన చదివింది మేం వింటున్నామా లేదా అని చూడటానికి ఇంకో సారు.

పొద్దుటి నుంచి భోజనాల వేళ దాకా ఆ సారు ఒక్కరే మాట్లాడారు. నా పక్కన కూర్చున్న మేడం ఒకావిడ చెయ్యెత్తింది. "డౌట్లు చివర్లో అడుగుదురుగానీ మేడం" అన్నారాయన. చివర అనేది రానే లేదు. సాయంత్రమయ్యేసరికి అందరం బస్సు టైము చూసుకుంటున్నాం. మధ్యలో గ్రూపు వర్కు అని చార్టులు, స్కెచ్ పెన్నులు పంచారు. ఏ గ్రూపు చార్టుకు బార్డరు బాగా కుదిరిందో దానికి చప్పట్లు కొట్టించారు. నేను కూడా కొట్టాను. కొట్టకపోతే ఇంకా ఆలస్యమవుతుంది.

అయితే ఆ సారు ఒక్క మాట మాత్రం నిజంగా మంచిది చెప్పారు. తెర మీద లేని మాట అది. మైకు పక్కన పెట్టి, టీ తాగుతూ, మామూలుగా అన్నారు. "ప్రశ్న పిల్లల దగ్గర్నుంచి రావాలండీ. మనమిచ్చే ప్రశ్నయితే అది హోంవర్కే, ప్రాజెక్టు కాదు." ఆ ఒక్క మాట పట్టుకుని నేను మా బడికి తిరిగొచ్చాను. తర్వాత నా ఒళ్ళు మండటానికి కారణమైన ప్రతిదీ ఆ మాట నేను నిజమని నమ్మడం దగ్గరే మొదలైంది.

మాది సూర్యాపేట నుంచి మోతె వైపు పోయే దారిలో, రోడ్డు మీంచి కొంచెం లోపలికి ఉన్న ఊరి హైస్కూలు. ఊరి పేరు చెప్పను. చెబితే అది ఆ ఒక్క ఊరి సంగతే అనుకుని మిగతా ఊళ్ళవాళ్ళు చేతులు దులుపుకుంటారు.

మా బడిలో అప్పటిదాకా ప్రాజెక్టు అంటే ఏమిటో చెప్పాలి. సూర్యాపేట పుస్తకాల దుకాణాల్లో బొమ్మల షీట్లు దొరుకుతాయి. కాలుష్యం ఒక షీటు, జలచక్రం ఒక షీటు, గుండె ఒక షీటు. పిల్లలు అవి కొనుక్కొచ్చి, కత్తిరించి, పుస్తకంలో అంటించి, చుట్టూ పూలతీగ గీస్తారు. మేం మార్కులేస్తాం. క్లాసు మొత్తం పుస్తకాల్లో ఒకటే గుండె. ఒకసారి ఒకడు ఆ గుండెను తలకిందులుగా అంటించాడు. వాడికీ మంచి మార్కులే పడ్డాయి, పూలతీగ బాగా గీశాడని. ఆ మార్కులు వేసింది నేను కాదు, కానీ వేసినాయన్ని తప్పు పట్టలేను. ఆ పుస్తకాల్లో చూడటానికి పూలతీగ తప్ప ఇంకేముంది?

తొమ్మిదో తరగతికి వెళ్ళి చెప్పాను. ఈసారి షీట్లు కొనొద్దు, పుస్తకం తెరవొద్దు, మీకు నిజంగా తెలుసుకోవాలని ఉన్నదేదో అడగండి అన్నాను. మొదట లేచినవాళ్ళంతా నన్ను సంతోషపెట్టే ప్రశ్నలడిగారు. భూమి ఎందుకు గుండ్రంగా ఉంది, ఓజోన్ పొర అంటే ఏమిటి. జవాబు గైడులో ఉన్న ప్రశ్నలు. అవి మీవి కావు, గైడువి అన్నాను. ఇన్నేళ్ళు బడికొచ్చి, సొంత ప్రశ్న ఒకటి అడగమంటే పిల్లలు భయంతో నా మొహం కేసి చూస్తున్నారు. వాళ్ళ తప్పు ఇసుమంతైనా లేదు. అడిగిన ప్రతిసారీ కూర్చోమన్నది మేమే కదా.

అప్పుడు వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచింది. ఊరవతల పల్లె నుంచి ఆటోలో వచ్చే పిల్ల. తండ్రి మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ లారీ మీద పోతాడు, తల్లి పత్తి చేన్లకు కూలికి పోతుంది. మధ్యాహ్నం తర్వాత ఈ పిల్ల తరచూ బల్ల మీద తల పెట్టుకుని పడుకుంటుందని మా లెక్కల సారుకు కోపం.

"మేడం, అన్నం తిన్నంక ఆడపిల్లలకే తలకాయ నొప్పి ఎందుకొస్తది?"

మగపిల్లలు నవ్వారు. ఆడపిల్లలు ఒక్కరూ నవ్వలేదు. నవ్వకపోగా, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తనకొక్కదానికే వస్తుందనుకున్న నొప్పి పక్కదానికీ ఉందని అప్పుడే తెలిసినట్టుంది. నా నాలుక చివర జవాబు సిద్ధంగా ఉంది. రక్తహీనత, ఇనుము తక్కువ, ఆకుకూరలు తినాలి. మా టీచర్ల జబ్బు అది, ప్రశ్న వినబడగానే జవాబు ఊడిపడుతుంది. కోదాడ సారు మాట గుర్తొచ్చి ఆ జవాబు మింగేశాను. నాకూ తెలియదు, మీరే కనిపెట్టండి అన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆ క్లాసు ఎంత బాగుండేదో చెప్పలేను. మొదట ఎండ వల్ల అనుకున్నారు. మగపిల్లలు ఎండలో క్రికెట్ ఆడొచ్చి కూడా బాగానే ఉన్నారు కాబట్టి ఎండ కాదని తేల్చారు. ఫ్యాను మగపిల్లల వైపు ఉందని ఒక పిల్ల పట్టుకుంది. నిజమే, రెండో ఫ్యాను ఎప్పటినుంచో తిరగడం లేదు. సరే అని అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు కూర్చున్నారు. ఫ్యాను కింద కూర్చున్నా ఆడపిల్లల తలనొప్పి తగ్గలేదు. బడి భోజనం వల్లేమో అని కొందరు ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుని చూశారు. అదీ కాదు. ఒక్కొక్కటి కొట్టేసుకుంటూ వస్తుంటే వాళ్ళ కళ్ళల్లో వెలుగు చూడాలి. లెక్కల సారు సోమరిదన్న ఆ పిల్ల వాళ్ళందరికీ పెద్దయి కూర్చుంది.

నీళ్ళ సంగతి ఆ పిల్లకే తట్టింది. అందరి బాటిళ్ళ మీదా పొద్దున నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో అక్కడ గోళ్ళ రంగుతో గీత గీశారు. సాయంత్రం బెల్లుకు మళ్ళీ చూశారు. మగపిల్లల బాటిళ్ళు ఖాళీ. మధ్యలో రెండోసారి నింపుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆడపిల్లల బాటిళ్ళలో నీళ్ళు గీత దగ్గరే నిలబడి ఉన్నాయి.

అట్లయితే సాయంత్రం నిండు బాటిల్ ఇంటికి మోసుకుపోతారా అని అడిగాను. పిల్లలు కిసుక్కుమన్నారు. నిండుగా తీసుకుపోతే అమ్మలు తిడతారట. అందుకని గేటు దాటేముందు పక్కనున్న మందార చెట్టు మొదట్లో పోసేస్తారట. ఎన్నో ఏళ్ళుగా, అక్కలు చెల్లెళ్ళకు నేర్పుతూ వస్తున్న అలవాటది. మా ఆవరణలో బతికి బట్టకట్టిన చెట్టు అదొక్కటే. పచ్చదనం పరిశుభ్రత అని ఎవరొచ్చినా మా హెడ్మాస్టరు సారు ఆ చెట్టు దగ్గరే నిలబెట్టి ఫోటో తీయించేవారు. ఎర్రగా విరగబూసిన మందారం.

ఎందుకు తాగరు అని అడిగితే మాత్రం మగపిల్లల వైపు చూశారు. మగపిల్లల్ని మైదానంలోకి పంపించాక ఆ పిల్లే చెప్పింది. తాగితే పోవాలి కదా మేడం అంది.

పోవడానికి మా బడిలో రెండు చోట్లున్నాయి. పాతది ప్రహరీ వెనక, రేకు తలుపుది. తలుపుకు గొళ్ళెం లేదు. ఒకరు లోపలుంటే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. లోపల నీళ్ళు లేవు. ఎదురుగానే మగపిల్లలు బంతి కోసం వచ్చిపోయే దారి. రెండోది కొత్తది. గులాబీ రంగు టైల్సు, నల్లా, వాష్ బేసిను, తలుపు మీద పక్షి బొమ్మ, పైన "బాలికల మరుగుదొడ్డి" అని పెద్ద అక్షరాలు. రిబ్బను కత్తిరించిన రోజు ఫోటోలు తీశారు, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. ఆ సాయంత్రమే దానికి తాళం పడింది. తాళంచెవి హెడ్మాస్టరు సారు గదిలో మేకుకు వేలాడుతూ ఉంటుంది. లేడీ టీచర్లం అడిగితే ఇస్తారు. పై నుంచి ఎవరన్నా వస్తే తీస్తారు. బాలికల మరుగుదొడ్డిలోకి వెళ్ళని వాళ్ళు బాలికలు మాత్రమే. నేను చేరిన కొత్తలో స్టాఫ్ మీటింగులో ఇదేమిటని అడిగితే, మేడంకు కొత్త కదా అని ఒకాయన నవ్వారు, ఆ మాట అక్కడితో ఖతం.

ఇదంతా నాకు తెలిసిన సంగతే. తెలియని సంగతి ఆ పిల్ల ఆ రోజు చెప్పింది. పోయిన ఎండాకాలం ముందు చలిజ్వరం వచ్చి సూర్యాపేట దవాఖానలో పడిందట. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అన్నారట. రోజంతా బిగబట్టుకుంటే కిడ్నీలు పాడవుతాయి, నీళ్ళు బాగా తాగాలి అని డాక్టరమ్మ గట్టిగా చెప్పిందట. ఇంకొక్కసారి ఇట్లా అయితే బడి మానిపించి తనతోపాటు చేనికి తీసుకుపోతానని తల్లి అన్నదట. పత్తి చేన్ల చాటు ఉంటదని, బడిల చాటు లేదని. ఆ పిల్ల ఇదంతా ఏడవకుండా, రిపోర్టు చదివినట్టు చెప్పింది. కూలికి పోయే తల్లి తన బిడ్డకు బడి కంటే పత్తి చేను నయమని తేల్చుకుంది, ఆమె లెక్క తప్పేమీ కాదు.

హెడ్మాస్టరు సారు దగ్గరికి వెళ్ళాను. ఆయన దుర్మార్గుడు కాదు. అదే ఇంకా కోపం తెప్పించే విషయం. దుర్మార్గుడైతే దెబ్బలాడవచ్చు. ఆయన నేను చెప్పిందంతా విన్నారు, తలూపారు, పిల్లలు భలే కనిపెట్టారని మెచ్చుకున్నారు కూడా.

"మీరు చెప్పింది కరెక్టే మేడం. కాని తాళం తీస్తె వారం తిరగకముందే ఖరాబైతది. కడిగెటోళ్ళేరి? రేపు ఎవరన్న వస్తె నేనేం సూపెట్టాలె?"

వాడటానికి కట్టింది వాడకపోతే ఎందుకు సార్ అన్నాను. వాడితే పాడవుతుంది కదా మేడం అన్నారు. ఆ మాట మీద ఆయనా నేనూ ఎంతసేపు తిరిగామో చెప్పలేను, గానుగ చుట్టూ తిరిగినట్టే. కడగడానికి మనిషిని పెట్టమని పైకి రాశారు, రాలేదు. అది నిజమే. పైవాళ్ళకు గోడ కట్టడానికి చేతులొచ్చాయి, కడిగే మనిషికి జీతమివ్వడానికి రాలేదు. కానీ దాని ఫలితం ఎవరు అనుభవించాలి? దవాఖానలో పడ్డ పిల్లే అనుభవించాలా?

అంతలో ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. సూర్యాపేటలో జిల్లా సైన్సు ఎగ్జిబిషన్ ఉంది, పరిశుభ్రత ఒక అంశం. టాపిక్ బాగుంది, దీన్నే పంపుదాం అన్నారు. పేరు మాత్రం మార్చాలన్నారు. ఆడపిల్లలకే తలనొప్పి ఎందుకొస్తది అంటే ఎవరూ చూడరట, బాగుండదట. "పాఠశాలల్లో ఆదర్శ మరుగుదొడ్డి" అని పెడదామన్నారు. ఒక వర్కింగ్ మోడల్ కూడా ఉండాలన్నారు. ప్రైజొస్తే స్కూలు కమిటీలో పెట్టి తాళం తీయిస్తాను అని మాటిచ్చారు.

పిల్లల ప్రాజెక్టు కాబట్టి పిల్లల్నే అడిగాను. పేరు మారుతుంది, మీ బాటిళ్ళ పని వెనక్కి పోతుంది, మీ ఇష్టం అన్నాను. వాళ్ళు గుంపుగా కూడి మాట్లాడుకున్నారు. ఆ పిల్ల వచ్చి, ప్రైజొస్తే తీస్తమన్నరు గద మేడం, పోదాం అంది. ఆమెకు పేరుతో పని లేదు, తలుపు తీస్తే చాలు.

మోడల్ మనమే చేద్దాం, మట్టితోనో అట్టతోనో అంటే సారు ఒప్పుకోలేదు. జిల్లాకు పోయేది అట్టముక్కలతో పోతుందా అన్నారు. మిర్యాలగూడలో ఒక దుకాణం ఉందట, మన చుట్టుపక్కల ప్రైవేటు స్కూళ్ళన్నీ అక్కడే చేయిస్తాయట. మా చిన్నమ్మ ఇల్లు మిర్యాలగూడలోనే కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది.

ఆ దుకాణం వాళ్ళు తాతల కాలం నుంచి రైసు మిల్లులకు గోనె సంచులు, వాటిని కుట్టే సుతిలి తాడు అమ్మినవాళ్ళు. ఇప్పుడు ముందు గదిలో సంచులు, వెనక గదిలో విజ్ఞానశాస్త్రం. అగ్నిపర్వతాలు ఒక వరస, డ్యాములు ఒక వరస, స్మార్ట్ సిటీలు ఒక వరస, అన్నిటి మీదా ప్లాస్టిక్ కవర్లు. ఏ స్కూలు పేరు కావాలంటే ఆ పేరు అప్పటికప్పుడు అంటించి ఇస్తారు. ఈ జిల్లాల్లో పిల్లల ప్రతిభ అంతా ఒకే గదిలో తయారవుతోందని అప్పుడు తెలిసింది. మరుగుదొడ్డి మోడల్ కావాలంటే షావుకారు ఏ మాత్రం ఆశ్చర్యపోలేదు.

"ఇండియనా, వెస్టర్నా మేడం?"

ఇండియన్ అన్నాను. లైటింగు పెట్టించుకోండి, ఫ్లష్ వర్కింగు ఉంటే ప్రైజు గ్యారంటీ అన్నాడు. చేపల తొట్టి మోటారు పెడతారట, బటన్ నొక్కితే నీలం నీళ్ళు తిరుగుతాయట. తలుపు తెరుచుకుంటుందా అని అడిగాను. తలుపు ఫిక్సుడు మేడం, తెరిస్తే ఊడిపోతది అన్నాడు. అచ్చం మా బడిలో దాని లాగే ఉంది, బాగా కుదిరింది అన్నాను. ఆయనకు అర్థం కాలేదు, మెచ్చుకున్నాననుకుని, పిల్లలు అప్పజెప్పాల్సిన ఇంగ్లీషు పేజీ ఒకటి ఉచితంగా ఇచ్చాడు.

ఎగ్జిబిషన్ రోజు సూర్యాపేటలో ఆ హాలంతా థర్మాకోలే. మిర్యాలగూడ వెనక గదిలో కవర్ల కింద చూసిన అగ్నిపర్వతం ఒకటి నాలుగు బల్లల అవతల పొగలు కక్కుతోంది. దాని పక్కన తెల్ల కోటు వేసుకుని నిలబడ్డ పిల్లవాడు దాన్ని మొదటిసారి చూస్తున్నట్టే ఉన్నాడు. మా పిల్లలు గోళ్ళ రంగు గీతల బాటిళ్ళు సంచిలో మోసుకొచ్చారు. బల్ల మీద పెట్టబోతే, చెత్తలా కనబడుతున్నాయని హెడ్మాస్టరు సారు వాటిని బల్ల కిందికి తోయించి, పైన బట్ట దించారు. పిల్లలు సొంతంగా చేసిన పని బల్ల కింద ఉంది. కొనుక్కొచ్చింది బల్ల పైన లైట్లు వేసుకుని కూర్చుంది. నాకు అక్కడే దాన్ని నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. ప్రైజొస్తే తాళం తీస్తామన్నారు కదా.

జడ్జీ సారు వచ్చారు. ఆ పిల్ల ఇంగ్లీషు పేజీ అప్పజెప్పింది. ఆయన బటన్ నొక్కారు. నీలం నీళ్ళు తిరిగాయి. ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగింది, ఇంకోసారి నొక్కారు. తర్వాత తెలుగులో, మీ స్కూల్లో ఇట్లాంటిది ఉందా అమ్మా అని అడిగారు. ఆ పిల్ల నా కేసి చూసింది, నా వెనకున్న హెడ్మాస్టరు సారు కేసి చూసింది. ఉంది సార్ అంది. అబద్ధం కాదు. ఉంది. వెరీ గుడ్ అని ఆయన తర్వాతి బల్లకు వెళ్ళిపోయారు. మీరు దాన్ని వాడతారా అని రెండో ప్రశ్న ఆయన అడగలేదు. సైన్సు పేరు మీద అంత పెద్ద హాలు నింపి, రెండో ప్రశ్న అడిగే మనిషి ఒక్కడు లేకపోయాడు.

మొదటి బహుమతి మాదే. ఫోటోలు, శాలువా, హెడ్మాస్టరు సారు చేతిలో షీల్డు. తిరుగు ప్రయాణంలో, మా దారిలో ఖమ్మం పోయే బస్సులో పిల్లలు సంచిలోంచి బాటిళ్ళు తీసి, ఉన్న నీళ్ళన్నీ తాగేశారు. ఇంటికే పోతున్నాం కద మేడం అన్నారు.

మర్నాడు తాళం తీయలేదు. ఆ వారమూ తీయలేదు. అడిగితే సారు చెప్పిన కారణం వింటే మీకూ నా లాగే బీపీ వస్తుంది. ప్రైజు వచ్చింది కాబట్టి ఇప్పుడు ఆఫీసర్లు చూడటానికి వస్తారట. కాబట్టి ఇప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉంచాలట. ప్రైజు రాకముందు తాళం ఒకటే, ఇప్పుడు పక్కన గొలుసు కూడా వచ్చింది. థర్మాకోల్ బాత్రూం మాత్రం ఆయన బల్ల మీదికి వచ్చి కూర్చుంది. వచ్చినవాళ్ళందరి ముందూ బటన్ నొక్కి చూపిస్తారు. మా బడిలో పనిచేసే బాత్రూం అదొక్కటే.

ఆ పిల్ల ఒక రోజు వస్తే ఒక రోజు రావడం మానేసింది. ఒకనాడు తల్లి వచ్చింది. ఆమె అరవలేదు, అరిచినా బాగుండేది. మళ్ళీ మంట మొదలైందట, రాత్రిళ్ళు మూలుగుతోందట. పరీక్షలకు మాత్రం పంపిస్తాను, అప్పటిదాకా నా ఎంబడి ఉంచుకుంట అంది. అడ్డం పడ్డాను. ఆఫీసరు వచ్చిపోయేదాకా ఆగమన్నాను. ఎందుకాగమన్నానో నాకే తెలియదు, ఆగమనడానికి ఏదో ఒకటి కావాలి. ఆమె నా కేసి చూసి, బడికి పంపి రోగం కొనుక్కునుడేంది మేడం అంది. కానీ ఒప్పుకుంది. ఆ పిల్లను మర్నాడు పంపింది.

ఆఫీసరు మేడం వచ్చారు. ఆ పొద్దున గొలుసు ఊడింది, తాళం ఊడింది. లోపల ఫినాయిలు పోశారు, కొత్త బకెట్టు, కొత్త మగ్గు, కాగితం విప్పని సబ్బు, గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టా. మేడం మందారం దగ్గర ఫోటో దిగారు, థర్మాకోల్ బాత్రూం బటన్ నొక్కారు, పిల్లల్ని మెచ్చుకున్నారు. సూర్యాపేట నుంచి బయల్దేరి మధ్యలో ఇంకో రెండు బడులు చూసి వచ్చిన మనిషి, ఆమెకూ అవసరమే కదా, లోపలికి వెళ్ళొచ్చారు. ఎంత నీటుగా ఉంచారు సార్ అన్నారు. హెడ్మాస్టరు సారు మొహం వెలిగిపోయింది. తాళం ఆయన చేతిలోనే ఉంది. మేడం కారెక్కగానే వేసెయ్యడానికి సిద్ధంగా పట్టుకున్నారు.

అప్పుడే ఇంటర్వెల్‌కు చిన్న బెల్లు కొట్టారు. ఆడపిల్లలు గదుల్లోంచి బయటికొచ్చి, గులాబీ టైల్సుకు కాస్త దూరంలో ఆగారు. ఎవరు చెప్పారో, ఎప్పుడు అనుకున్నారో నాకు తెలియదు, నాకు చెప్పలేదు. ఆ పిల్ల ఒక్కతే ముందుకొచ్చి మేడం ఎదురుగా నిలబడింది. చేతులు కట్టుకుంది, మేం నేర్పినట్టే.

"మేడం, మీరు పోయినంక దీనికి మల్ల తాళమేస్తరు. మీరు జరసేపు గీడనే కూసుంటె మేమందరం పోయొస్తం."

ఆఫీసరు మేడం హెడ్మాస్టరు సారు మొహం చూశారు, తర్వాత ఆయన చేతిలోని తాళం చూశారు. నేను గదిలోకి పరుగెత్తి కుర్చీ తెచ్చి వేశాను. మేడం కూర్చున్నారు.

పిల్లలు వరస కట్టారు. ఆరో తరగతి చిన్నపిల్లల్ని ముందుకు పంపారు. తోపులాట లేదు, అరుపులు లేవు. బయటికొచ్చిన ప్రతి పిల్లా తర్వాతి పిల్ల కోసం బకెట్టు నింపి వచ్చింది, ఎవరూ చెప్పకుండానే. కారు డ్రైవరు వచ్చి టైమైందని గుర్తు చేశాడు, మేడం చెయ్యి ఊపి పంపించేశారు. పాడైపోతుంది, వారంలో ఖరాబైతది అన్న సారు ఆ గోడ పక్కనే నిలబడి చూస్తున్నారు.

నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది ఆ పిల్ల అడిగింది కాదు, అడగనిది. తాళం తీసెయ్యండి అని ఆ పిల్ల అడగలేదు. బాలికల పేరు మీద కట్టిన గది అది, అడగడానికి ఎంతైనా హక్కుంది. కానీ కాసేపు కూర్చోమని మాత్రమే అడిగింది. ప్రశ్న తానే వేసి, జవాబు తానే కనిపెట్టి, జిల్లాలో మొదటి బహుమతి తెచ్చిన పిల్లకు మేం మిగిల్చిన ఆశ అంతే.

అందరూ అయ్యాక ఆఖర్న ఆ పిల్ల వెళ్ళొచ్చింది. ఆఫీసరు మేడం కుర్చీలోంచి లేచి, ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, ఇంక నీళ్ళు బాగా తాగాలి, సరేనా బిడ్డా అన్నారు.

ఆ పిల్ల తాళం ఎక్కడుందో ఒకసారి చూసింది.

"ఇయ్యాల తాగుత మేడం" అంది.